మూలింటవ్వ మారుమనువు

మొన్నామధ్య కేసముద్రంలో చుట్టాలింటికి పోయి పాసింజరు రైల్లో వరంగల్ తిరిగి వస్తున్నాను. నా ఎదురుగా కిటికీ పక్కన కూర్చున్న ముసలామె కొంగు ముడి విప్పి, చుట్ట తీసి వెలిగించింది. ఆమె పక్కనున్న చిన్న వయసు తల్లి ముక్కుకు పైట అడ్డం పెట్టుకుని, పిల్లవాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, "ఆడామెవై ఉండి గదేం పని?" అంది. ముసలామె ఆమెను కింది నుంచి మీది దాకా చూసి, "మీ అమ్మమ్మను అడుగు బిడ్డా, చెప్తది" అని పొగ కిటికీ బయటికి వదిలింది. పెట్టెలో నలుగురూ నవ్వారు. నాకు మాత్రం మా మూలింటవ్వ గుర్తొచ్చింది.

ఆమెకూ ఒక పేరు ఉండే ఉంటుంది. ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. డెబ్బైల మొదట్లో నేను వరంగల్‌లో ఆ నేతవాళ్ళ వాడకట్టుకు కోడలిగా వచ్చేనాటికే అందరికీ ఆమె మూలింటవ్వ. సందు మూల మీది ఇల్లు ఆమెది, పక్కది మాది. నడుమ మొలబంటి మట్టిగోడ. పొద్దంతా గడప పక్కన రాట్నం ముందు కూర్చుని మగ్గాల వాళ్ళకు కండెలు చుట్టిపెట్టేది. కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ళ సందున నూలు జారవిడుస్తూ, నోట్లో చుట్ట తీయకుండానే సందులో పోయే ప్రతి మనిషినీ పలకరించేది. ఎవరైనా జవాబు చెప్పకుండా పోతే, "చెవుల దూది పెట్టుకున్నవారా?" అని వెనక నుంచి కేకేసేది.

నన్ను మొదటిసారి పలకరించినప్పుడు గోడ మీద నుంచి తల పెట్టి, "ఓ కొత్తపిల్లా, నీ మొగని పేరేంది?" అని అడిగింది.

నేను తల దించుకున్నాను. భర్త పేరు పలికితే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని మా అమ్మ చెప్పి పంపింది.

ఆమె పకపకా నవ్వింది. "నేను గూడ గట్లనే మల్లయ్య పేరు పలుకక దాసుకున్న బిడ్డా. మా పిల్ల నడక నేర్వకముందే గత్తర రోగమొచ్చి పోయిండు. ఇగ నర్సయ్యనైతే మొదటి దినం సంది పేరు పెట్టే పిలిచిన. సూడు, పండ్లన్ని ఊడేదాక బతికిండు."

ఆ ఇద్దరూ ఎవరో నాకు అర్థం కాలేదు. నా మొహం చూసి ఆమె గోడ మీది చేయి తీసి రెండు వేళ్ళు చూపించింది. "ఇద్దరు. ఇద్దరు గూడ నా మొగళ్ళే."

ఇంట్లోకి పోయి మా అత్తకు మెల్లగా చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండానే, "అప్పట్ల అందరు మారుమనువు పోయేటోళ్ళే. అండ్లేమున్నది?" అంది.

భర్త చనిపోయిన ఆడమనిషి, లేదా పొత్తు కుదరక విడిపోయిన ఆడమనిషి, పెద్దమనుషుల నడుమ ఇంకొకరిని చేసుకోవడాన్ని మారుమనువు అనేవాళ్ళు. అయ్యగారు ఉండడు, మంత్రాలు ఉండవు. కొత్త చీర పెట్టి, గాజులు తొడిగి, పుస్తె కట్టిస్తే అయిపోయేది. వచ్చినవాళ్ళకు అన్నం, కల్లు. మా అమ్మగారి వైపు ఒకటి రెండు తరాల కిందటే అది ఆగిపోయింది. అందుకే నాకు అంత కొత్తగా తోచింది.

అవ్వ ఆ కథ చాలాసార్లు చెప్పేది. మొదటిసారి చెప్తున్నట్టే చెప్పేది.

"మల్లయ్య పోయినంక నేను అత్తింట్లనే ఉన్న. ఒక దినం మా మామ నన్ను పిలిచి, 'బిడ్డా, నేను ఎన్ని దినాలుంట? నాకు కండ్లు కానస్తలేవు. నిన్ను మూలకు కూసోబెట్టి నేను సస్తే నా కొడుకు నన్ను అడుగడా?' అన్నడు. ఆయననే నాలుగూర్లు తిరిగి నర్సయ్యను ఎతికిండు. ఆయననే చీరె తెచ్చిండు. పొద్దుగూకినంక అందర్ల నడుమ నా చెయ్యి పట్టుకపోయి నర్సయ్య చేతుల పెట్టిండు."

సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి ఆమె రాట్నం ఆపేది.

"పెట్టి, గోడ దిక్కు తిరిగి ఏడ్చిండు. ముసలోడు, ఎక్కెక్కి ఏడ్చిండు. ఏడ్చుకుంటనే, 'కోడలువై వచ్చినవ్, బిడ్డవై పోతాన్నవ్, పో' అన్నడు. మల్ల సచ్చేదాక ఏటేటా బతుకమ్మకు నాకు చీరె తెచ్చిండు. నర్సయ్య ఆయనను మామా అనే పిలిచేటోడు."

మల్లయ్యకు పుట్టిన కూతుర్ని నర్సయ్యే పెంచి, కేసముద్రంలో ఇచ్చి పెళ్ళి చేశాడు. ఆయనకు పుట్టినవాడు ఒక్కడే కొడుకు. చదువుకుని కరెంటు ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. అవ్వ సగం ముచ్చట్లు మొగుళ్ళ గురించయితే, మిగతా సగం ఆ కొడుకు గురించే ఉండేవి.

నేను చూస్తుండగానే కొడుకు హన్మకొండలో కొత్తగా లేచిన కాలనీలో ఇల్లు కట్టుకుని పోయాడు. మొదట్లో ప్రతి ఆదివారం సైకిల్ మీద వచ్చేవాడు. తర్వాత స్కూటర్ మీద నెలకోసారి వచ్చేవాడు. వాడకట్టులో ఉన్నన్నాళ్ళూ తల్లిని "అవ్వా" అని పిలిచినవాడు, కాలనీకి పోయాక "అమ్మా" అనడం మొదలుపెట్టాడు. ఒకనాడు గోడ అవతల మాటలు నాకు వినిపించాయి.

"అమ్మా, జర ఆ చుట్ట బంద్ చెయ్యి. మా ఆఫీసోళ్ళు ఎవరన్న వస్తే ఏమనుకుంటరు?"

"ఏమనుకుంటరు? ముసలిది చుట్ట తాగుతాంది అనుకుంటరు."

"కల్లు గూడ గడపల కూసోని తాగుతవ్."

"ఇంట్లకు పోయి తాగుతే దొంగతనమనుకుంటరు కొడుకా."

ధర్మసాగర్ వైపు నుంచి సైకిల్ మీద కల్లు తెచ్చే ఆయన సాయంత్రాలు ఆమె గడప ముందే ఆగేవాడు. ఆమె తాగేది ఒక్క ముంతే. ఆ ముంత తాగేసరికి పాట వచ్చేది. పెళ్ళిళ్ళలో మగపెళ్ళివాళ్ళను ఆడిపోసుకునే పాటలు ఆమెకు ఎన్ని వచ్చునో లెక్కలేదు. వాటిలో కొన్ని నేను ఇప్పటికీ పైకి పాడలేను.

కొడుకు పెద్దబిడ్డ సుజాతకు మాత్రం ఆ మూలిల్లంటే ప్రాణం. బడి సెలవు దొరికితే చాలు, బస్సెక్కి వచ్చేది. రాట్నం తిప్పేది, మొక్కజొన్న గట్క తినేది. తండ్రి ముందర "నాయినమ్మా" అని, ఆయన సందు దాటగానే "అవ్వా" అని పిలిచేది. మల్లయ్య తండ్రి ఏడ్చిన కథ చెప్పమని గోల చేసేది. చెప్తుంటే చెంపకు చేయి ఆనించుకుని కళ్ళలో నీళ్ళు పెట్టుకునేది. "మరి మల్లయ్య తాత మీద నీకు మనసు పోయిందా?" అని ఒకసారి అడిగింది. అవ్వ రాట్నం తిప్పుతూనే, "మనసు ఇద్దరి మీద ఉన్నది బిడ్డా. సగం సగం పంచుకోవాల్నా ఏంది?" అంది.

పదో తరగతి పాసయ్యాక సుజాతకు పెళ్ళి కుదిరింది. పిల్లవాడికి సర్కారు నౌకరీ. ఆ ఇంట్లో మొదటిసారి అయ్యగారు వచ్చి మంత్రాలు చదివి చేసిన పెళ్ళి అది. ఇంటి ముందు షామియానా వేసి మైక్ సెట్టు పెట్టారు. అప్పగింతల వేళ అవ్వ మగపెళ్ళివాళ్ళ ముందుకు పోయి, నడుము మీద చేయి పెట్టుకుని పాట అందుకుంది. కోడలు మైకువాడికి సైగ చేసింది. వాడు సినిమా పాట రికార్డు పెట్టి సౌండు పెంచాడు. అవ్వ గొంతు పెంచింది. వాడు ఇంకా పెంచాడు. ఆమె నోరు కదులుతూనే ఉంది, మాట మాత్రం ఎవరికీ వినబడటం లేదు. చివరికి నా పక్కకు వచ్చి కూర్చుని, "వియ్యపురాలిని తిట్టకుంట పిల్లను పంపుతే మనోళ్ళకు రోషం లేదనుకుంటరు" అంది. ఆ పెళ్ళిలో కేసముద్రం కూతుర్ని వియ్యాలవారికి "దూరపు చుట్టాలు" అని పరిచయం చేశారు. అవ్వ ఆ మాట విన్నదో లేదో నాకు తెలియదు.

సుజాత బిడ్డ బోర్లా పడటం నేర్చిన రోజుల్లో, ఆమె భర్త స్కూటర్ లారీ కింద పడింది. దవాఖానకు తీసుకుపోయేసరికే ప్రాణం లేదు. పదిరోజుల కర్మ అయ్యాక తండ్రి సుజాతను ఇంటికి తెచ్చుకున్నాడు.

అవ్వతో కలిసి నేను చూడబోయినప్పుడు ఆ పిల్ల వెనక గదిలో చాప మీద కూర్చుని ఉంది. తెల్లచీర కట్టించారు. అవ్వ ఆ చీర కొంగు చేతిలోకి తీసుకుని నలిపి చూసింది, అంగట్లో బట్ట చూసినట్టు.

"గీ తెల్లచీరె యాడికెళ్ళి వచ్చింది మనింటికి?" అని కోడల్ని అడిగింది. "మనోళ్ళల్ల ఎవలు కట్టిండ్రు? నేను కట్టిన్నా? మా అవ్వ కట్టిందా?"

"కాలనీల అందరు గిట్లనే చేస్తరత్తమ్మా," అంది కోడలు ఏడుస్తూ. "చుట్టుపక్కల అందరు పెద్దోళ్ళు. రంగు చీరె కడ్తే మాటలంటరు."

కోడలిది కూడా నిజమైన ఏడుపే. ఆమె ఆ చీర కొన్న రోజు అన్నం తినలేదని నాకు తర్వాత తెలిసింది.

ఆ ఏడాది పొడుగునా అవ్వ ఆ ఇంటికి తిరిగింది. మోకాళ్ళ నొప్పులున్నా బస్సెక్కి పోయేది. కేసముద్రం నుంచి మనవడు సమ్మయ్య కూడా వస్తూపోతూ ఉండేవాడు. అతను మల్లయ్య కూతురి కొడుకు, మార్కెట్ యార్డులో కాంటా వేసేవాడు. సుజాతకు వరసకు బావ. తక్కువ మాట్లాడే మనిషి. వచ్చినప్పుడల్లా సుజాత బిడ్డను భుజాల మీద ఎక్కించుకుని వాకిట్లో గుర్రంలా పరుగెత్తేవాడు. ఒకనాడు నేనూ అక్కడ ఉండగా అలా పరుగెత్తబోయి పూలకుండీ తన్నుకుని బోర్లా పడ్డాడు, పిల్లను మాత్రం పైకెత్తి పట్టుకునే పడ్డాడు. అది చూసి సుజాత నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. భర్త పోయాక ఆమె నవ్వగా చూడటం నాకు అదే మొదలు. అవ్వ కూడా చూసింది. తిరుగు బస్సులో నా చేయి గట్టిగా పట్టుకుని, "సూసినవా బిడ్డా?" అంది.

కొద్దికాలానికి ఒక ఉదయం గోడ మీద నుంచి పిలిచింది. తలకు నూనె పెట్టుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని ఉంది. వాకిట్లో సమ్మయ్య కొత్త టెర్లిన్ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. అతని చేతిలో బట్టల సంచి.

"నా ఎంబడి రా బిడ్డా. నువ్వుంటే నా కొడుకు జర మెల్లగ మాట్లాడుతడు," అంది.

సంచిలో ఆకుపచ్చ చీర, గాజులు, చిన్నపిల్లకు గౌను ఉన్నాయి.

మేం పోయేసరికి కొడుకు వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. అవ్వ కుర్చీలో కూర్చోలేదు. అతని ముందు నేల మీద కూర్చుని, నాన్చకుండా చెప్పేసింది.

"కొడుకా, సుజాతను సమ్మయ్యకు ఇద్దాం. వాడు ఒప్పుకున్నడు. వాని అవ్వ ఒప్పుకున్నది. చిన్నపిల్లను తన పిల్ల లెక్క చూసుకుంటనంటాండు. నలుగురు పెద్దమనుషులను పిలువు, చాలు."

కొడుకు లేచి ముందు వీధి గేటు మూసి వచ్చాడు. తర్వాత మెల్లగానే అన్నాడు. "అమ్మా, గసొంటియి మన ఇంటా వంటా లేవు."

నేను అవ్వ వైపు చూడలేకపోయాను.

"మన ఇంట్ల లేదా?" అంది అవ్వ. "మరి నేనెవరినిరా? నర్సయ్య ఎవరు? నేను మారుమనువు పోకుంటే నువ్వు యాడికెళ్ళి పుడుదువురా?"

"మెల్లగ మాట్లాడు!"

"మెల్లగ ఎందుకు? నేనేమన్న లేచిపోయిన్నా? నా మామ నిలవడి చేసిండు. ఊరంత తిన్నరు."

అతని కోపం చూడటం నాకు అలవాటే. ఆరోజు కనిపించింది వేరే. అతను తల్లి ముందు గొంతుక్కూర్చుని, ఎన్నో ఏళ్ళ తర్వాత పాత పిలుపుతో మాట్లాడాడు.

"అవ్వా, బళ్ళె నన్ను ఏమని పిలిచేటోళ్ళో నీకెరుకనా? మారుమనువు కొడుకు అనేటోళ్ళు. సారు గూడ నవ్వేటోడు. నీకు చెప్పలే నేను. చదువుకున్న, నౌకరీ తెచ్చుకున్న, ఇల్లు కట్టుకున్న. ఇక్కడ ఎవ్వలకు తెల్వదు. ఇంకో పిల్ల పెండ్లికున్నది. రేపు వాళ్ళొచ్చి, మీ పెద్దబిడ్డ మారుమనువు పోయిందట గదా అంటే నేను ఏడ తలకాయ పెట్టుకోవాలె?"

అవ్వ అతని తల మీద చేయి పెట్టింది. "గన్ని దినాల సంది కడుపుల పెట్టుకున్నవా కొడుకా?" అంది. ఆ గొంతులో జాలి ఉంది. కానీ ఆమె ఆగలేదు. "నీ సిగ్గు నువ్వు పడు. ఆ పోరి బతుకు ఎందుకు తీస్తవ్? దాన్నే అడుగుదాం. సుజాతా! ఓ సుజాతా! బయటికి రా."

సుజాత తలుపు దగ్గరికి వచ్చింది. సమ్మయ్య లేచి నిలబడ్డాడు. "సుజాతా, నాకేం ఫికర్ లేదు. ఎవలేమన్నా పడ్త. నీకు ఇష్టమైతే చాలు," అన్నాడు. అతను అంత పొడుగు మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

ఆమె అతని వైపు చూసింది. తండ్రి వైపు చూసింది. ఆయన నేలకేసి చూస్తున్నాడు. ఎదురింటి మేడ మీద ఒకామె బట్టలు ఆరేస్తూ ఆగి ఇటే చూస్తోంది. సుజాత ఆమెను కూడా చూసింది.

"నన్ను నలుగుర్ల నవ్వులపాలు చెయ్యకు నాయినమ్మా," అంది. "నీ లెక్క నేను బతుకలేను."

లోపలికి పోయింది. గడియ పెట్టిన చప్పుడు వినిపించింది. ఎవరూ పెట్టమనలేదు, తనే పెట్టుకుంది.

సమ్మయ్య సంచి తీసుకుని బయటికి నడిచాడు. తిరిగి వచ్చేటప్పుడు అవ్వ బస్ స్టాప్ దాకా నడవలేక రోడ్డు పక్కన ఒక ఇంటి అరుగు మీద కూర్చుండిపోయింది. నేను నీళ్ళు అడిగి తెచ్చిచ్చాను. తాగలేదు.

"సమ్మయ్య నచ్చక గాదు బిడ్డా," అంది. "నా లెక్క అయితనని భయపడ్డది. నా మనుమరాలికి నన్ను చూస్తేనే భయమైతాంది."

తర్వాతి ఎండాకాలంలో సమ్మయ్యకు వేరే సంబంధం చేశారు. అవ్వ పోలేదు. కల్లాయన సైకిల్ గడప ముందు ఆగితే వద్దని చెయ్యి ఊపేది. రాట్నం తిరుగుతూనే ఉండేది కానీ, సందులో పోయేవాళ్ళు ఆమె పలకరింపు లేకుండానే దాటిపోయేవాళ్ళు. ఒక వానాకాలంలో వాకిట్లో జారిపడి తుంటి విరిగింది. కొడుకు వచ్చి ఆటోలో తన ఇంటికి తీసుకుపోయాడు. అతను తల్లిని బాగానే చూసుకున్నాడు, అది చెప్పాలి. డాక్టర్ని ఇంటికే పిలిపించేవాడు. తన చేత్తో అన్నం తినిపించేవాడు.

నేను చూడబోయినప్పుడు మొదట ఆమెను గుర్తుపట్టలేదు. వెనక గదిలో మంచం మీద తెల్లచీరలో, నుదుట విభూతి రేఖలతో పడుకుని ఉంది. ఆమె ఇన్నాళ్ళూ గళ్ళచీరలు తప్ప కట్టింది లేదు. గది వాకిలి పక్కనే సుజాత కుట్టు మిషన్. ఆమె తలెత్తి నన్ను చూసి నవ్వి, మళ్ళీ పనిలో పడింది.

అవ్వ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. వంగితే చెవిలో అడిగింది.

"నిజం చెప్పు బిడ్డా. నేను చేసింది తప్పా?"

"ఏది అవ్వా?"

"నర్సయ్యను చేసుకునుడు. ఇక్కడ అందరు నన్ను గదోలె చూస్తాండ్రు. పండుకోని పండుకోని నాకే అనుమానమొస్తాంది. మా మామ ఏడ్చింది, నేను పోతాన్నని గాక సిగ్గుతోని ఏడ్చిండా?"

"తప్పు కాదవ్వా. మీ మామ నీ కోసమే ఏడ్చాడు," అన్నాను.

"తప్పు గాకుంటే ఇప్పుడు ఎవ్వలు ఎందుకు చేస్తలేరు మరి?" అంది.

ఆ చలికాలంలో ఆమె పోయింది. కేసముద్రం నుంచి వచ్చిన కూతురు అందరితో పాటు వాకిట్లో పరిచిన చాప మీద ఒక చివర కూర్చుని ఏడ్చింది. పదోరోజున అయ్యగారు నర్సయ్య పేరు చెప్పించి పిండాలు పెట్టించాడు. మల్లయ్య పేరు ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు, రవికెలు కుట్టించుకుందామని నేను సుజాత దగ్గరికి పోయాను. అప్పటికి ఆ కాలనీలో ఆమెకు మంచి పేరు వచ్చింది. తలవంచుకుని పనిచేసుకునే మనిషి, గడప దాటని మనిషి అని తల్లులు ఆడపిల్లలకు ఆమెను చూపించి చెప్పేవాళ్ళు. చెల్లెలి పెళ్ళి మంచి ఇంట్లో అయింది. సుజాత బిడ్డ బడికి పోతోంది. గోడ మీద అవ్వ ఫోటో ఉంది. తెల్లచీర, విభూతి, చుట్టూ పూసల దండ.

నేను కూర్చున్న కాసేపటికి ఆ కాలనీ వెనక వరసలో ఉండే ఒక నడివయసు ఆమె వచ్చింది. ఆమె కూతురి భర్త ఈమధ్యే పోయాడు. భర్త తమ్ముడే చేసుకుంటానంటున్నాడట. ఏం చేయాలో తోచక సుజాతను అడగడానికి వచ్చింది. ఈ బాధ తెలిసిన మనిషి అని.

సుజాత చేతిలోని బట్ట మడిచి పక్కన పెట్టింది.

"వద్దు పెద్దమ్మా," అంది. "రెండు దినాలు సుఖమనిపిస్తది, బతుకంత మాట పడాలె. మా నాయినమ్మనే సూడుండ్రి. చిన్న వయసులనే మా తాత పోయిండు. మల్ల పెండ్లి మాట ఎవ్వల నోట రానియ్యలేదు. రాట్నం తిప్పి మా నాయినను పెంచింది. గందుకే ఇయ్యాల మా ఇంటికి గింత ఇజ్జత్."

ఎక్కడా తడబడలేదు. చాలాసార్లు చెప్పిన మాటల్లా వరసగా వచ్చాయి. నా వైపు మాత్రం చూడలేదు. పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటున్న ఆమె బిడ్డ తలెత్తి, "తాతమ్మ సచ్చేదాక తెల్లచీరె ఇడువలేదట," అంది.

ఆ తల్లి కళ్ళనీళ్ళతో లేచి ఫోటోకు దండం పెట్టుకుంది. ఆమెతో పాటే నేనూ లేచాను. రోడ్డు మీదికి వచ్చాక ఆమెను ఆపాను. నేను ఆ ముసలామె పక్కింటిదాన్నని చెప్పాను. మల్లయ్య గురించి, నర్సయ్య గురించి, గుడ్డికళ్ళతో ఊర్లు తిరిగి కోడలికి మొగుణ్ణి వెతికిన మామ గురించి, గడపలో తాగిన కల్లు గురించి, ఆకుపచ్చ చీర గురించి, నాకు గుర్తున్నదంతా గబగబా చెప్పాను. మీ బిడ్డకు పెళ్ళి చెయ్యండి, ఆ అవ్వ ఉంటే అదే చెప్పేది అన్నాను.

ఆమె వింటూ వింటూ ఒక అడుగు వెనక్కి వేసింది. కళ్ళలో నీళ్ళు ఆగిపోయాయి.

"ఇంతసేపు వాళ్ళింట్ల కూసోని, చాయ తాగి వచ్చినవు గదమ్మా," అంది. "సచ్చి స్వర్గాన ఉన్న పెద్దామె. గసొంటి మనిషి మీద ఇసొంటి నింద ఎయ్యనీకె నీకు నోరెట్లొచ్చింది?"

చెంపలు వేసుకుని, ఆ ఇంటి వైపు తిరిగి మరోసారి దండం పెట్టి, రోడ్డు దాటి అవతలి పక్క నుంచి వెళ్ళిపోయింది.